మా ఆయన పళ్లు, నా నోరు

మా ఆయనకు ముందు పళ్లు రెండు పోయినప్పుడు చూడొచ్చిన వాళ్లంతా జాలిపడ్డారు. నేను పడలేదు. నాకు ఒళ్లు మండింది. సాంచె మీదికి అట్లా వంగి నిలబడొద్దని మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటాం. మా ఇంటి ముందు రేకుల షెడ్డులో అవి నాలుగున్నాయి. ఒకనాడు పొద్దున్నే, పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె దారి తప్పి ఎగిరొచ్చి సరిగ్గా మూతి మీద తగిలింది. అంత నెత్తుటిలోనూ ఆయన మొదట చూసుకున్నది బట్టకు మరక పడిందా అని.

పుండు మానింది కానీ మనిషి మారిపోయాడు. మా ఇద్దరికీ పెళ్లయిన నాటి నుంచీ పడదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఆడబిడ్డ అన్న మాట దాకా, నాలుగు సాంచెల మోతను మించి అరుచుకుంటూ కొట్లాడుకునేవాళ్లం. నేను ఒకటంటే ఆయన రెండనేవాడు. పళ్లు పోయాక మాటల్లోంచి గాలి పోతోందని నోరు విప్పడమే మానేశాడు. నేనెంత తిట్టినా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని తినేవాడు. గోడను తిట్టుకుంటూ ఎన్నాళ్లని బతకను? పళ్లు పెట్టించాలని నేను పట్టుబట్టింది అందుకే. అది ప్రేమ అని మా వాడకట్టు ఆడవాళ్లు మురిసిపోయారు. వాళ్ల మొహం. నాకు నా కొట్లాట తిరిగి కావాలి, అంతే.

తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు ఆయన వద్దన్నాడు. కరీంనగర్ తీసుకుపోయాను. అక్కడ డాక్టరమ్మ చిన్న పిల్ల. దవడ బొక్కలోకి, అంటే ఎముకలోకి, స్క్రూలు బిగించి, బొక్క వాటిని గట్టిగా పట్టుకున్నాక పైన పళ్లు కూర్చోబెడతానంది. స్క్రూలు బిగించిన రోజు నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"అంకుల్, కొన్ని నెలలు జర పైలంగ ఉండాలె. తంబాకు బంద్. గట్టియి నమలద్దు. ఏదీ పీల్చద్దు, కొబ్బరి బొండంల స్ట్రా ఏసుకొని గూడ తాగద్దు. పుండు తెరుచుకుంటది."

"మా ఇంట్ల బొండాలు ఎవలు తాగుతరమ్మా" అన్నాను. ముగ్గురం నవ్వాం. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఇక కాపలా మొదలుపెట్టాను. తంబాకు కోసం ఆయన అంగీ జేబులు పొద్దునా సాయంత్రం వెతికేదాన్ని. మక్కజొన్న రవ్వతో గటక జావలా పలచగా కాచి, చల్లార్చి పోసేదాన్ని. జొన్నరొట్టె అడిగితే పప్పులో మెత్తగా నానబెట్టి ఇచ్చేదాన్ని. ఎదురు మాట్లాడడు కాబట్టి నాకు అడ్డే లేదు. జమ్మికుంటలో మా వాళ్ల పెళ్లికి పోతే, అల్లుడి మర్యాదని పెద్ద మూలుగ బొక్క తెచ్చి ఆయన పల్లెంలో వేశారు. ఆయన దాన్ని పైకెత్తాడో లేదో, పంక్తి మొత్తం చూస్తుండగా గుంజుకుని నా పల్లెంలో వేసుకున్నాను. వడ్డించే పిల్లలు పకపకా నవ్వారు. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ బొక్క నేనే జుర్రుకుని తిన్నాను. బాగుంది కూడా.

ఇంత చేస్తే, మళ్లీ చూపించడానికి పోయిన రోజు డాక్టరమ్మ మొహం మాడ్చుకుంది.

"కుట్లు ఎప్పుడో తెగినయి. స్క్రూలు కదులుతున్నయి. తీసెయ్యాలె."

"తంబాకు!" అని అరిచాను. "దొంగసాటుగ నములుతుండు, నాకెర్కే!"

ఆయన మూతి మీది చెయ్యి తీసేశాడు. "ఒట్టు, ముట్టలే! గటక తాగి గటక తాగి నాలుక సచ్చింది. నలుగుట్ల నా పల్లెంలకెల్లి బొక్క గుంజుకుంటివి, నీ చేతులిరగ! ఇగ తంబాకు గూడ నా మీదనే ఏస్తున్నవా?"

మాటల్లో సగం గాలే. అయినా ఎన్నాళ్లకో ఎదురు తిట్టాడు. నాకు తిట్టు మీద తిట్టు దొరికింది. బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లంతా లేచి తలుపు దగ్గరికి వచ్చారు. డాక్టరమ్మ చేతులెత్తి, "జర ఆగుండ్రి. ఏమన్న పీల్చిన్రా?" అంది.

"లే" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఆ ఏడాది మేమిద్దరం ఒప్పుకున్న మాట అదొక్కటే.

మర్నాడు షెడ్డులో కూర్చుని కండెలు చుడుతున్నాను. నాడెలో పెట్టే దారపు చుట్టను కండె అంటాం. ఒక సాంచె ఆగింది. ఆయన ఖాళీ కండె తీసేసి కొత్తది వేశాడు. దారం కొసను నాడెకు పక్కన ఉండే సన్నని కంత దగ్గర పెట్టాడు. నాడెను పెదాలకు ఆనించి గట్టిగా ఒక్క పీల్పు పీల్చాడు. కంతలోంచి దారం నోట్లోకి వచ్చింది. సాంచె మళ్లీ మొదలైంది. కాసేపటికి పక్క సాంచె ఆగింది. మళ్లీ నాడె, మళ్లీ నోరు.

మా బాపు అట్లాగే పీల్చేవాడు. మా మామ అట్లాగే పీల్చేవాడు. రోజుకు ఎన్నిసార్లో ఎవరికీ లెక్క ఉండదు. మాకది నోట్లో పెట్టుకోవడం కాదు, పని. అందుకే డాక్టరమ్మ అడిగితే ఇద్దరికీ తోచలేదు. నాకు నవ్వు రాలేదు, బాధ కూడా కలగలేదు. చేతిలోని కండె తీసి ఆయన వీపు మీదికి విసిరాను.

చిగుళ్లు మానాక మళ్లీ స్క్రూలు బిగించారు. ఈసారి నాడెలన్నీ నేనే పీల్చాను. సాంచె ఆగగానే "ఇగో" అని నాడె నా మొహం ముందు పెట్టేవాడు. నేను పీల్చి ఇచ్చేదాన్ని. గొంతులో నూగు, నాలుక మీద గంజి రుచి, ఉమ్మితే ఆ రోజు దారానికి ఏ రంగుంటే ఆ రంగు. ఆయన తొందరపెడుతుంటే నాడె ఇనుప మొన టక్కున నా పంటికి తగిలేది. తిడుతూనే పీల్చాను. పీలుస్తూనే తిట్టాను.

చివరికి పళ్లు కూర్చున్నాయి. తెల్లగా, వరసగా, ఆ నల్ల మొహానికి ఎక్కువే అన్నట్టు ఉన్నాయి. మక్క కంకి కాల్చుకుని కొరుక్కు తిన్నాడు. వాడకట్టంతా తిరిగి నవ్వొచ్చాడు. నాతో కొట్లాట కూడా మొదలుపెట్టాడు. నేనడిగింది నాకు దొరికింది, కాదనను.

కానీ సాంచె ఆగితే నాడె ఇంకా నా మొహం ముందుకే వస్తోంది.

"ఇగ నువ్వు పీల్చుకోరాదు? బొక్క గట్టివడ్డదని చెప్పింది గదా" అన్నాను.

"అంత తిప్పలవడి పెట్టిచ్చుకున్న పళ్లు. మొన తాకితే పలుగుతయి. నువ్వే పీల్చు, నీకు అలవాటయింది" అన్నాడు.

కొన్నాళ్లు అట్లాగే నడిచింది. వానలు పడుతున్న రోజుల్లో నా ముందు పన్ను ఒకటి కదలడం మొదలుపెట్టింది. వేలు పెట్టి ఊపి చూపించాను.

"ఊడితే ఊడనియ్యి. ఈ వయసుల నీకెందుకే పళ్లు" అన్నాడు. ఆయన నాకంటే పెద్దవాడు.

నేను లేచి నాలుగు సాంచెలూ ఆపేశాను. నాడె ఆయన చేతిలో పెట్టాను. "ఇగ నా నోరు రాదు. ఏం జేసుకుంటవో జేసుకో" అని అరుగు మీద కూర్చున్నాను. షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. వాన చప్పుడు వినిపించింది.

ఆయన కాసేపు నాడెను అటూ ఇటూ తిప్పాడు. పెదాల దాకా తెచ్చి దించేశాడు. తర్వాత మూలకు పోయి, తుక్కులోంచి సన్న తీగ ఒకటి తీసి, పట్టుకారుతో కొసను కొక్కెంలా వంచాడు. దాన్ని నాడె కంతలోకి దూర్చి దారాన్ని బయటికి లాగాడు. వచ్చింది. మళ్లీ లాగి చూశాడు. మళ్లీ వచ్చింది. చాయ్ మరిగేంత సేపు కూడా పట్టలేదు.

ఆ తీగ ఎప్పటినుంచో ఆ మూలనే ఉంది. నా నోరు ఊరికే దొరికినన్నాళ్లు అది ఆయనకు కనబడలేదు. ఆ మాటే మొహం మీద అన్నాను. ఎదురు మాట అనబోయి, నా వైపు చూసి, కొత్త పళ్ల మీద పెదాలు మూసుకున్నాడు.