ఎర్ర కాగితం మీద ఒక ఖాళీ వరుస

ఇప్పుడు లుకాంగ్ ఊరి గుడిలో పేర్ల జాబితా అచ్చు వేయాలంటే ఏముంది! మీట నొక్కితే చాలు, చడీ చప్పుడూ లేకుండా కాగితాలు జారిపడతాయి. చప్పుడు లేనిది కూడా ఒక పనేనా అంటుంది షీ యూచిన్. డెబ్బై దాటిన మనిషి, అనే హక్కుంది.

ఆమె రోజుల్లో గుడి ఆఫీసు గదిలో బల్లకు రెండు కొసల్లో రెండు ప్రింటర్లుండేవి. ఎడమదానిలో ఎర్ర కాగితం, కుడిదానిలో పసుపు కాగితం. బతికున్నవాళ్ల పేర్లు ఎరుపు మీద, పోయినవాళ్లవి పసుపు మీద. ఏడో నెల పూజలో ఎర్ర కాగితాలు చదివి ఆయుష్షు కోరతారు. పసుపు కాగితాల్లోని వాళ్లను పేరు పేరునా పిలిచి అన్నం పెడతారు. రెండు ప్రింటర్లూ ఒకేసారి కీచుమంటుంటే గదిలో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు. ఆ రొద తలుచుకుంటే యూచిన్‌కు ఇవాళ్టికీ ప్రాణం లేచొస్తుంది.

ఆమెది చేపల సహకార సంఘంలో గుమాస్తా ఉద్యోగం. ప్రోగ్రాం రాయడం అక్కడే తంటాలు పడి సొంతంగా నేర్చుకుంది. నలభై ఏళ్లు కుంచెతో పేర్లు రాసిన గావ్ గురువుకు చెయ్యి వణకడం మొదలయ్యాక గుడివాళ్లు ఆమెకు కబురు పెట్టారు. ముసలాయన మొదటి రోజే మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒక ఇంటివాళ్లను రెండు పేజీల్లో పడేశావో, ఊరుకోను. తల్లి ఇక్కడా బిడ్డ అక్కడానా? ఇల్లు విరగ్గొట్టకు."

"పేజీ చివర చోటు చాలకపోతే, గురువుగారూ?"

"ఖాళీ వదిలెయ్. కాగితం కోసం ఏడుస్తావేం?"

ఆ మాటనే ఆమె ప్రోగ్రాంలో రాసింది. ప్రతి ఇంటికీ ముందు మనుషుల్ని లెక్కపెట్టాలి, పేజీలో మిగిలిన వరుసల్ని లెక్కపెట్టాలి. చాలకపోతే ఆ ఇల్లు మొత్తం కొత్త పేజీకి పోవాలి. ప్రింటర్ ఎంపిక మాత్రం చేత్తో చేసేది. రెండింటి మధ్యా ఒక పెట్టె, దానికో మీట, అటు తిప్పితే ఎరుపు, ఇటు తిప్పితే పసుపు. మొదటి ఏడాదే తిప్పడం మరిచిపోయింది. ఎనభై అయిదేళ్ల సూ అవ్వ పేరు, నిక్షేపంగా ఎదురుగా నిలబడి ఉండగానే, పసుపు మీద పడింది.

"అయితే పోయానన్నమాట!" అంది అవ్వ కాగితం చూసి. "సరే, అన్నం ఎన్నింటికి పెడతారు?"

అందరూ పగలబడి నవ్వారు. యూచిన్ మాత్రం నవ్వలేకపోయింది. ఆ వారంలోనే ఆ పెట్టె పీకి పారేసింది. ప్రతి పేరు పక్కనా ఒక అంకె పెట్టింది, ఒకటైతే ఎరుపు, రెండైతే పసుపు. ఏ ప్రింటర్‌కు పోవాలో ప్రోగ్రామే చూసుకునేది. ఇక తప్పు జరగదనుకుంది పిచ్చిది.

తావ్ అవ్వ వీధి చివర ఆలిచిప్పలు ఒలిచే మనిషి. ఆమె కొడుకు వెన్‌షాన్ పడవతో సహా తుఫానులో కనపడకుండా పోయాడు. శవం దొరకలేదు. ఏటా ఆమె వచ్చి, "ఎరుపే అమ్మాయ్, ఎరుపే," అని చెప్పి పోయేది. ఆరో ఏడు మాత్రం పొద్దున్నే వచ్చి, బల్ల ముందు కూలబడింది.

"వాడు కల్లోకి వస్తున్నాడు. ఆకలంటున్నాడమ్మా."

యూచిన్ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"ఎరుపులో ఉన్నవాడికి అన్నం పెట్టరు కదా? వాడు పోయుంటే, ఆరేళ్లుగా నేనే మాడుస్తున్నాను. బతికుండగా పసుపులో వేశానా, నా చేతులతో నేనే చంపినట్టు. రెండింట్లోనూ వెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"కుదరదు అవ్వా. ఒక మనిషికి ఒకే అంకె."

"అయితే నువ్వే చెప్పు, ఏది వెయ్యమంటావు?"

ఎలా చెబుతుంది? ఇంతకాలం తను పెట్టింది ఉత్త అంకె అనుకుంది. ఆ క్షణాన కీబోర్డు మీది అంకెల మీటల్ని తాకడానికే భయమేసింది. కుర్చీలోంచి లేచి అవ్వను కూర్చోబెట్టింది.

"ఇది ఒకటి, ఇది రెండు. నేను నొక్కలేను అవ్వా. నువ్వే నొక్కు."

ఆలిచిప్పలు కోసి కోసి కాయలు కాసిన వేలు అది. ఒకటి మీద చాలాసేపు ఆగింది. తర్వాత పక్కకు జరిగింది. కుడివైపు ప్రింటర్ కీచుమని, వెన్‌షాన్ పేరును వాళ్ల నాన్న పేరు కింద అచ్చు వేసింది. అవ్వ ఏడవలేదు. చూస్తున్న యూచినే ఏడ్చింది.

ఇక ఎర్ర జాబితా మిగిలింది. వెన్‌షాన్ పేరు తీసేస్తే కింది పేర్లు పైకి జరిగి ఆ చోటు పూడిపోతుంది. యూచిన్‌కు చేతులాడలేదు. ఆ ఇంటికి మాత్రం ప్రోగ్రాం మార్చి, పేరు లేకపోయినా వరుస ఉండేలా రాసింది. అప్పుడు ఎడమ ప్రింటర్ పేజీ చివర నాలుగు వరుసలు ఖాళీగా వదిలేసి, ఆ ఇంటిని కొత్త పేజీలో మొదలుపెట్టింది. గావ్ గురువు కళ్లజోడు సవరించుకుని పట్టేశాడు.

"నాలుగు వరుసలు మిగిలాయిగా? అవ్వ, కోడలు, ఇద్దరు మనవలు. నలుగురూ ఇక్కడే పట్టేవారే!"

"ఐదుగురు, గురువుగారూ."

ఆయన కొత్త పేజీ తీసి చూశాడు. తన చేత్తోనే తెచ్చి అవ్వకిచ్చాడు. అవ్వకు చదువు రాదు. యూచిన్ ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి చదివింది. రెండో వరుస దగ్గర ఆగింది.

"ఇక్కడేం లేదేంటమ్మాయ్?"

"వాడి చోటు అవ్వా. తీయలేదు."

అవ్వ ఆ ఖాళీని అరచేత్తో నిమిరింది, బిడ్డ వీపు నిమిరినట్టు. ఆ తర్వాత గబగబా కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది.

"పోవాలి, అట్లు వెయ్యాలి. వాడు ఒకటీ రెండింటితో లేచే రకం కాదు. ఆరేళ్ల ఆకలమ్మా."