లింగయ్య కాక కోయని గడ్డి

పచ్చిగడ్డి కోసిన వాసన హాయిగా ఉంటుందని అందరూ అంటారు. నాకు మాత్రం అందులో కాస్త డీజిల్ పొగ కలిస్తేనే గుండె కదులుతుంది. ఇవాళ పొద్దున అదే జరిగింది. నల్లగొండలో నేను చూసుకునే పార్కులో మావాళ్లు చిన్న మిషన్లతో గడ్డి కోస్తున్నారు. అంతలో నీళ్ల ట్యాంకరు లాగే ట్రాక్టరు గేటు దగ్గర ఆగి గుప్పున పొగ వదిలింది. రెండు వాసనలూ కలిసి ముక్కుకు తగిలేసరికి, చేతిలో చాయ్ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. మొక్కలకు నీళ్లు పట్టే సైదమ్మ నన్ను చూసి, "ఏమైంది మేడమ్, చాయ్‌ల ఈగ వడ్డదా?" అంది. "లేదు, లింగయ్య కాక యాదికొచ్చిండు" అన్నాను. ఆయనెవరో ఆమెకు తెలియదు. మీకూ తెలియదు. అందుకే రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో, తోటల పెంపకంలో డిప్లొమా పట్టుకుని, మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో తోట సూపర్‌వైజరుగా చేరాను. మాది పోచంపల్లి. ఇంట్లో మగ్గం తప్ప గుంటెడు భూమి లేదు. గడ్డి గురించి నాకు తెలిసిందంతా పుస్తకాల్లో బొమ్మలే. చేరిన రోజు చూద్దును కదా, రెండెకరాల లాన్ మీద ఒక ముసలి ట్రాక్టరు, దాని మీద ఒక ముసలి మనిషి! ట్రాక్టరు ఎర్ర రంగు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. బానెట్‌ను ఒక పక్క ఇనుప తీగతో కట్టారు. నాగలి ఉండాల్సిన చోట గడ్డి కోసే యంత్రం తగిలించారు. ఆ భూమి ఒకప్పుడు లింగయ్యదే. ఫ్యాక్టరీ వాళ్లు తీసుకున్నప్పుడు, "నన్నూ నా ట్రాక్టర్నూ గీడనే ఏదన్న పనిల పెట్టుండ్రి" అని అడిగాడట. అలా తన చెలకలోనే గడ్డి కోసే కొలువు దొరికింది. లాన్‌ను కూడా ఆయన చెలక అనే అనేవాడు.

అప్పట్లో నా నోరు పచ్చి మిరపకాయ. ఆయన పొలం దున్నినట్టు అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి కోసుకొస్తుంటే చూడలేకపోయాను. ఎదురుపోయి చెయ్యి అడ్డం పెట్టాను. "కాకా, గట్ల గిర్రగిర్ర తిరుగుతవేంది? అటు నుంచి ఇటు సీదా కొయ్యి. పుస్తకంల ఉన్నట్టు చారలు రావాలె" అన్నాను. ఆయన ఇంజను ఆపకుండానే నవ్వాడు. "చారలు చీరెలకు బిడ్డా. చెలకకు సాళ్లు" అన్నాడు. ఒళ్లు మండింది నాకు. కానీ వారం తిరిగేసరికి ఆయన పక్కనే మడ్‌గార్డు మీద కూర్చుని తిరుగుతున్నాను. నెల తిరిగేసరికి స్టీరింగు నా చేతికిచ్చాడు. నేను భయపడితే, "మగ్గం తొక్కిన కాళ్లు, క్లచ్ తొక్కనీకి ఏం రోగం?" అని ఎగతాళి చేశాడు. కోసే ముందు ప్రతిసారీ చెప్పులు విడిచి లాన్ అంతా నడిపించేవాడు. రాయి ఉందా, చెమ్మ ఉందా, పాము పుట్ర ఉందా, పాదమే చెప్పాలి. చదువులో నేర్చుకోని పని అంతా ఆ నడకలోనే నేర్చుకున్నాను.

ఒక్క చోట మాత్రం ఆయన లెక్క నాకు అర్థమయ్యేది కాదు. లాన్ మధ్యలో నాలుగు మంచాలు వేసినంత జాగా ఉంది. అక్కడికి రాగానే ట్రాక్టరు పక్కకు తిప్పి, దాని చుట్టూ తిరిగి పోయేవాడు. ఆ గడ్డిని తర్వాత కొడవలితో పైపైన కోసేవాడు. ఎందుకని అడిగితే, "ఆడ మా బాయి ఉండె బిడ్డా. మా నాయిన తవ్విండు. ముప్పై ఏండ్లు దాని చుట్టూ దున్నిన. స్టీరింగు దానంతట అదే తిరుగుతది" అన్నాడు. పూడ్చేసిన బావి చుట్టూ ఇంకా తిరుగుతున్న మనిషిని ఏమనగలం? పోనీలే, ముసలాయన మనసు అనుకుని చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఒక వానకాలం ఎడతెగని ముసురు పట్టి, ఆ జాగాలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. మర్నాడు హైదరాబాదు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. మేనేజరు గారు వరండాలోంచి చూసి, "గుండు మీద పిలకలా ఏంటమ్మా అది? సాయంత్రానికి ఉండకూడదు. ఆయన చేయలేకపోతే వేరే మనిషిని, వేరే మిషన్ని పెడదాం" అన్నారు. లింగయ్య కాక అప్పుడే అన్నానికి పోయాడు. ఆయన వచ్చి మళ్లీ బావి కథ చెబితే ఆయన కొలువు ఊడుతుందని నా భయం. ఆయన రాకముందే పని కానిచ్చేద్దామని ట్రాక్టరెక్కాను. చెప్పులు విడవలేదు. నడిచి చూడలేదు. నేరుగా ఆ గడ్డి మీదికి పోనిచ్చాను.

సగం దూరం పోయానో లేదో, ధబ్బున చప్పుడైంది. ఎడమ పక్క పెద్ద టైరు భూమిలోకి దిగిపోయింది. ట్రాక్టరు ఒరిగింది. కాలు క్లచ్‌కు అందదు, చెయ్యి దేన్ని పట్టుకోవాలో తెలియదు. "దుంకకు! గట్టిగ పట్టుకో బిడ్డా!" అని అరుస్తూ లింగయ్య కాక గేటు నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఇంజను ఆపి, నన్ను చంకల కింద పట్టి చంటిపిల్లను దించినట్టు దించాడు. మోకాలు చీరుకుపోతే తన తువ్వాల కట్టాడు.

మేనేజరు వచ్చారు. "ఎవరు నడిపింది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే, "నేనే సార్. కండ్లు మసకలైనయి" అన్నాడు లింగయ్య కాక. మేనేజరు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. మా ఇంటికి నా జీతం తప్ప వేరే గట్టి ఆధారం లేదని, తర్వాత చెబుదామని, ఆయన తనంతట తానే అన్నాడు కదా అని, ఒక్క నిమిషంలో మనసు ఎన్ని సాకులు వెతుక్కుందో! "రేపటి నుంచి రావద్దు. ఈ తుక్కును కూడా తీసుకుపో" అన్నారు మేనేజరు. కాక సరే అని తలూపాడు. ట్రాక్టరును బయటికి లాగించుకుని, లాన్ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. మిరపకాయ నోరు ఎటు పోయిందో తెలియదు. నాలుగో రోజు పొద్దున్నే మేనేజరు గదిలోకి పోయి, "నడిపింది నేను సార్. తీసేస్తే నన్ను తీసేయండి" అన్నాను. "మూడు రోజుల నుంచి నోట్లో నాలుక లేదా?" అన్నారాయన. చాలాసేపు తిట్టి, మెమో చేతిలో పెట్టి, "ఆయన్ని రమ్మను" అన్నారు.

ఉరుకులు పరుగుల మీద కాక ఇంటికి పోయాను. ఆయన ట్రాక్టరు చక్రాలకు పట్టిన మట్టి గీకుతున్నాడు. "చెప్పిన కాకా, నిజం చెప్పిన. నిన్ను రమ్మన్నరు" అని భోరుమన్నాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. చేతిలో కర్రముక్క కింద పెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు.

"గా తప్పు నీది గాదు బిడ్డా, నాది. కంపెనోల్లు బాయిని నాతోనే పూడిపిచ్చిండ్రు, గీ ట్రాక్టర్‌తోనే. మట్టి గట్టిపడాలని పొర పొరకు దిమ్మిస కొట్టుమన్నరు. మట్టైతే పోసిన. మా నాయిన తవ్విన బాయి నెత్తి మీద దిమ్మిస ఎత్తనీకి చేతులు రాలే. కొట్టిన అని చెప్పిన. కొట్టలే. ఎన్నటికన్న కుంగుతదని ఎరుకే. గందుకే ఎవ్వల్ని అటు పోనియ్యలే."

"మరి నాకన్న చెప్పొద్దా కాకా? నా పానం పోతుండె!" అన్నాను. ఏడుపులో కోపం కూడా వచ్చింది.

"చెప్పాలె. భయమైంది. నువ్వు మూడు దినాలు మోసినవు. నేను ఎన్నేండ్లు మోసిన్నో సూడు" అన్నాడు. తర్వాత తలెత్తి, "ఏమన్న తిన్నవా గీ మూడు దినాలు?" అని అడిగాడు. లేదన్నాను. లోపలికి పోయి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి ముందర పెట్టాడు. తినేదాకా లేవనివ్వలేదు.

ఆ రోజే ఇద్దరం కలిసి మేనేజరు ముందు నిలబడ్డాం. కాక ఏదీ దాచకుండా చెప్పాడు. మేనేజరు "ముందే చెబితే అయిపోయేది కదయ్యా" అని మాత్రం అని, ఆయన్ని పనిలో ఉండనిచ్చారు. బావిని మళ్లీ తవ్వి, అడుగున రాళ్లు వేసి, పొర మీద పొర మట్టి పోశారు. దిమ్మిస మాత్రం నేనే కొడతానన్నాడు కాక. ఆ వయసులో వద్దంటే వినలేదు. దెబ్బ దెబ్బకూ పెదవులు కదిలాయి. నాయినతో ఏం మాట్లాడుకున్నాడో నేను అడగలేదు.

గడ్డి మళ్లీ పట్టాక ఒక పొద్దున నన్ను ట్రాక్టరెక్కించాడు. తను చెప్పులు విడిచి, సరిగ్గా బావి ఉన్న చోట నిలబడి, రెండు చేతులూ ఊపాడు. "సీదా రా బిడ్డా! ఏం ఫికర్ చెయ్యకు, నేనున్న!" అని అరిచాడు. నేను కళ్లు తుడుచుకుంటూ నడిపాను. చివరి క్షణంలో ఆయన పక్కకు జరిగాడు. ట్రాక్టరు ఆ జాగా మీదుగా సాఫీగా పోయింది.

కాక పోయి రెండేళ్లయింది. నన్ను ఆయన ఆ రొట్టె పెట్టిన రోజే క్షమించాడు. ఆ మూడు రోజులకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. అందుకే పనిలో నా వల్ల తప్పు జరిగితే పొద్దు గూకనివ్వను, ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పేస్తాను. నా దగ్గర పనిచేసేవాళ్లెవరైనా తప్పు చేసి భయపడుతూ వచ్చి చెబితే, ముందు అన్నం తిన్నారా అని అడుగుతాను.