కీమ్యాన్ మొగులయ్య చావీలు

మొగులయ్యకు అప్పుడప్పుడు కోపం వస్తుందని కాదు, అది పోయేదే అప్పుడప్పుడు. కానీ ఆ రోజు వచ్చిన కోపానికి ఆయన్ని తప్పుపట్టినవాడికి కళ్లు లేవనుకోవాలి.

శంషాబాద్‌లో విమానాశ్రయానికి పోయే దారిలో ఒక కొత్త హోటలు వెలిసింది. అందులో, ఎన్నడో మూతబడ్డ బొగ్గు రైలు లైనును అలంకారంగా పెట్టారు. బొగ్గుబావుల దాకా ఇరవై రెండు కిలోమీటర్లు పల్లెల మధ్యనుంచి పోయే లైను అది. బొగ్గు డబ్బాల వెనక ఒకే ఒక్క పెట్టె తగిలించి బాయి పనివాళ్లనూ, కూరగాయల గంపలనూ మోసేది. బావుల్లో బొగ్గు అడుగంటగానే బండి ఆపేశారు, పట్టాలు పీకి పాత ఇనుముకింద అమ్మేశారు. అందులో నలభై గజాలు తెచ్చి, పిల్లల్ని తిప్పే ట్రాలీ ఎక్కించారు ఈ హోటలు వాళ్లు.

ఆ లైను మీద రావిర్యాల మొగులయ్య ఇరవై ఆరేళ్లు కీమ్యాన్. పట్టాను కింది దిమ్మెకు బిగించే ఇనుప చీలను కీ అంటారు. సుత్తె భుజాన వేసుకుని రోజూ తన వంతు లైను పొడుగునా నడిచి, వదులైనదాన్నల్లా కొట్టి బిగించడం ఆయన పని. మోకాళ్లు అరిగిపోయాయి గానీ, ఆయన నడిచినన్నాళ్లూ ఒక్క బండీ పట్టా తప్పలేదు.

ప్రారంభానికి రమ్మని మేనేజరు నవీన్‌కుమార్ కబురు పెడితే, తన పని నలుగురికీ చెబుతారని మురిసిపోయాడు. భార్య పోచమ్మ పాత ఖాకీ బట్టలు ఇస్త్రీ చేసి పంపింది. తీరా పోతే, నవీన్‌కుమార్ ఆయన నడుముకు తాళంచెవుల గుత్తి కట్టి ఒక బోర్డు పక్కన నిలబెట్టాడు. బోర్డు మీద "కీమ్యాన్: స్టేషను తాళంచెవులు భద్రపరిచే ఉద్యోగి" అని ఉంది.

"గిదేంది సార్? చావీలు నా పని కాదు. పట్టా బిగించుడు నా పని."

"ఫొటోకి బాగుంటుందండీ. ఎవరికి తెలుస్తుంది లెండి!"

ఎవరికి తెలుస్తుందట! బోడిగుండుకూ మోకాలికీ ముడివేసి రాసిన పెద్దమనిషి, ఆ పని చేసినవాణ్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. మొగులయ్యకు ఒళ్లు మండిపోయింది.

అప్పటికే పిల్లలు ట్రాలీ ఎక్కుతున్నారు. అలవాటు కొద్దీ ఆయన కళ్లు పట్టా మీదికి పోయాయి. "బొగ్గు కొట్టే సుత్తె" అని రాసి గోడకు తగిలించిన కీమ్యాన్ సుత్తెను దింపి, వంగి ఒక కీ మీద కొట్టాడు. ఖంగుమనాల్సింది గలగలమంది. రెండోదీ అంతే. మూడోది చేత్తోనే ఊడొచ్చింది.

"పిల్లల్ని దించుండ్రి! జల్దీ దించుండ్రి!"

మెడలో ఉన్న ఎర్ర తువాలు ఊపుతూ ట్రాలీకి అడ్డం నిలబడ్డాడు. తల్లులు పరుగున వచ్చి పిల్లల్ని దింపుకున్నారు.

"అతిథుల ముందు ఏమిటండీ ఈ గొడవ?" అంటూ నవీన్‌కుమార్ ఉరికొచ్చాడు.

మొగులయ్య నడుముకున్న గుత్తి విప్పి అతని చేతిలో పెట్టాడు.

"తీస్కోండ్రి సార్. గీ చావీలతోని మీ పట్టా బిగించుండ్రి."