పెద్దమ్మ మాట్లాడిపెట్టిన సముద్రపు ఇల్లు

మా పక్క గది పెద్దమ్మ పోయింది. మధ్యాహ్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఇంతకంటే ఎలా రాయాలో నాకు తెలియడం లేదు.

మేముండేది సూరత్‌లో, వడోద్‌లో. మా గదుల వెనక గోడకు ఆనుకొనే సాంచాల కారఖానా ఉంది. ఆ మగ్గాల చప్పుడులోనే మా గల్లీ అంతా నిద్రపోతుంది. చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వస్తుంది. ఆ రోజు కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. కునుకు తీస్తున్న ఆడవాళ్ళమంతా లేచి బయటికి వచ్చాం. అలాంటప్పుడు అందరికంటే ముందు గడపలోకి వచ్చి కరెంటువాళ్ళను తిట్టేది పెద్దమ్మే. ఆమె రాలేదు. నేనే వెళ్ళి తలుపు నెట్టాను. పొద్దున నా దగ్గర కరివేపాకు తీసుకున్న చెయ్యి, పట్టుకుంటే చల్లగా ఉంది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఒక్కనాడూ నొప్పి అనని మనిషి గుండె అలా ఎలా ఆగుతుంది?

ఆమె నాకు చుట్టం కాదు. కరీంనగర్ వైపు నుంచి పెళ్ళై ఇక్కడికి వచ్చినప్పుడు నాకు హిందీ రాదు, గుజరాతీ రాదు, మనుషుల ముందు తెలుగు కూడా సరిగా వచ్చేది కాదు. తలుపు వెనకే ఉండేదాన్ని. రింగ్ రోడ్‌లో చీరల దుకాణం నడిపే సేఠ్ పంపే చీరలకు వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించే పని పెద్దమ్మది. ఒక చీర నా ఒళ్ళో వేసి, మాట్లాడకపోయినా పర్లేదు, పక్కన కూర్చో అంది. అలా పని నేర్పింది.

దీపావళికి సాంచాలు బందు పెడితే మావాళ్ళంతా ఊళ్ళకు పోతారు. కిందటేడు పెద్దమ్మ గల్లీలో కూర్చొని కొత్త మాట తెచ్చింది. "ఊరికి పోతే ఆడ గూడ పొయ్యి కాడనే గదనే. ఒక్కపారి మనల్ని ఎవ్వలు పనికి పిలవని కాడికి పోదాం."

సేఠ్ మరదలికి డామన్‌లో సముద్రం ఒడ్డున ఒక బంగళా ఉంది. సెలవులకు వచ్చేవాళ్ళకు కిరాయికి ఇస్తుంది. పెద్దమ్మ దుకాణంలో గిరాకీల ముందే ఆ సంగతి అడిగిందట. సేఠ్ ముందు నవ్వి, తర్వాత నంబరు ఇచ్చాడు.

మా మగవాళ్ళు మాత్రం మండిపడ్డారు. గుజరాత్‌లో మందు దొరకదు కాబట్టి, వాళ్ళకు డామన్ అంటే తాగడానికి పోయే ఊరు. ఆడవాళ్ళు డామన్ పోయారంటే ఇజ్జత్ ఏం కావాలని మా ఆయన అడిగాడు.

"నువ్వు మస్తుసార్లు పోయినవ్ గద కొడుకా," అంది పెద్దమ్మ. "సముద్రం నీళ్ళు ఏ రంగుల ఉన్నయో చెప్పు. నువ్వు చెప్తే మేం పోం."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నీలం అన్నాడు చివరికి. మేం పోయి చూస్తే మట్టిరంగు.

అది కూడా సాయంత్రం నీళ్ళు తిరిగొచ్చాకే చూశాం. మేం దిగేసరికి అక్కడ సముద్రమే లేదు, నల్లటి బురద, దూరంగా ఒక గీత. మోసపోయామనుకున్నాం. దీనికి గూడ షిఫ్టులు ఉన్నట్టున్నయని పెద్దమ్మ వరండాలో కాళ్ళు చాపుకొని కూర్చుంది. అన్నం తిని పడుకుంటే ఒక్కరికీ కన్ను మూతపడలేదు. అంత నిశ్శబ్దం మేం ఎన్నడూ వినలేదు. పెద్దమ్మ లేచి, ఆ ఇంటి బట్టల మిషన్‌ను ఖాళీగానే తిప్పి వదిలింది. అది గడగడలాడుతుంటే అందరం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. కావలి మనిషి వచ్చి, బట్టలే లేవు, ఎందుకు తిప్పుతున్నారని అడిగితే, జోల పాడుతోందని చెప్పిందట.

"అలిసినంకనే పండుకోవాలని ఎవ్వడు చెప్పిండే? ఊకెనే గూడ పండుకోవచ్చు" అనేది. ఆ మాట ఇప్పుడు తలుచుకోవాలంటే భయమేస్తోంది.

ఈ ఏడు కూడా ఆ ఇల్లు మాట్లాడిపెట్టింది. నా ఫోన్ నుంచే. మేం ఆఖరి మాట చెప్పేదాకా ఎవరికీ ఇవ్వనంది ఆ ఇంటి బెన్, అదే సేఠ్ మరదలు. "ఆ మాట నువ్వే చెప్పు. నోరు నీకు గూడ ఇచ్చిండు గద దేవుడు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది పెద్దమ్మ. రేపు చెబుతాలే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నమే ఆమె పోయింది.

దినాలు అయ్యాక మగవాళ్ళు ఇక పోవద్దన్నారు. ఆడవాళ్ళు ఎదురుచెప్పలేదు. బెన్‌కు వద్దని చెప్పమని మా ఆయన నన్నే కూర్చోబెట్టాడు. "ఎవలు తోలుకపోతరు మిమ్మల్ని?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

అందరూ చీరలు ఒళ్ళో పెట్టుకొని చూస్తుండగా బెన్‌కు ఫోన్ చేశాను. పెద్దమ్మ లేదని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. మొన్ననే కదా నవ్వుతూ మాట్లాడింది అంది బెన్. తర్వాత, ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేయనా అని మెల్లగా అడిగింది.

వద్దు, మేం వస్తున్నాం అన్నాను.

ఫోన్ పెట్టాక ఎదురింటి అక్క నన్ను వింతగా చూసింది. "నిజంగనే పోదమా? బస్సు ఏడ ఎక్కాల్నో ఎరుకేనానే నీకు?"

"ఎరుక లేదక్కా. అడుక్కుంట పోదాం."

మా ఆయన గడపలో నిలబడి విన్నాడు. చెప్పులు వేసుకొని షిఫ్టుకు పోయాడు.

పోవాలంటే సెలవులకు ముందే సేఠ్ చీరలన్నీ అయిపోవాలి. పెద్దమ్మ గదిలో ఆమె వంతు సేఠ్ చీరల మూట అలాగే ఉంది. తెచ్చి అందరం పంచుకున్నాం. నా వంతుకు వచ్చిన ఆకుపచ్చ చీర విప్పితే, సగం వరకు వెనకవైపు నున్నగా ఉంది. అక్కడి నుంచి ఒక్క దారమూ తెగలేదు. ఫ్యాను గాలికి ఆ తెగని దారాలే కదులుతున్నాయి.