మిస్‌ఫైర్ అనని మాస్టారు

బ్యాంకు గార్డులకు తుపాకీ పట్టడం నేర్పిన మా మాస్టారు పోయిన వారం గుణదలలో, తన ఇంట్లోనే కన్నుమూశారు. ఉయ్యూరు బ్యాంకు బ్రాంచిలో గార్డు డ్యూటీలో ఉండగా నాకు కబురొచ్చింది.

ఆర్మీలో పనిచేసి వచ్చిన మనిషి. గొడుగు పట్టుకున్నా చూపుడువేలు కర్ర వెంట తిన్నగా చాపి ఉంచేవారు. "ట్రిగ్గర్ మీదికి పోవడం అలవాటైన వేలు మనల్ని అడిగి పోదురా" అనేవారు. పేపర్లో 'గన్ మిస్‌ఫైర్, గార్డుకు గాయాలు' అని కనిపిస్తే మండిపడేవారు. "మిస్‌ఫైర్ అంటే పేలకపోవడం! ఇది పేలిందిగా? ఎవరు పేల్చారో రాయరేం?"

చాలా ఏళ్ళ క్రితం ఆ మాట ఆయనకే పరీక్ష అయింది. మైలవరం దగ్గర మా సెక్యూరిటీ ఏజెన్సీ ట్రైనింగ్ షెడ్డులో ఒక గార్డు, పక్కవాడు "ఖాళీదే" అంటే నమ్మి, తెరిచి చూడకుండానే డబుల్ బ్యారెల్ తుపాకీ ట్రిగ్గర్ నొక్కాడు. మాస్టారి మోకాలు నుజ్జయింది.

ఆసుపత్రికి ఏజెన్సీ ఓనరు వచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను.

"తుపాకీ పాతదండీ, దానంతటదే పేలిందని చెప్పేద్దాం. ఆ గార్డుని రేపే తీసేస్తాను."

"రెండూ కుదరవండీ," అన్నారు మాస్టారు, నొప్పికి పళ్ళు బిగబట్టి. "జరిగింది జరిగినట్టే పోలీసులకు చెబుతాను. అతన్ని తీసేస్తే మిగతావాళ్ళు నేర్చుకునేది నోరు మూసుకోవడమే."

"మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి."

"ఆలోచించాను. వెళ్ళి రండి."

ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. మాస్టారు తగ్గలేదు. చంకలో కర్రతో, ఇంటి ముందు రేకుల కింద, చెక్క తుపాకీతో గార్డులకు క్లాసు పెట్టారు. మొదటి రోజే ఆ గార్డును పిలిపించి పక్కన నిలబెట్టారు.

"నువ్వేం చేశావో చెప్పు. నాకంటే నువ్వే బాగా చెప్పగలవు."

అతను ఏడుస్తూ వెళ్ళిపోయాడు. మాస్టారు రోజూ పిలిచారు. చివరికి అతను తలెత్తి చెప్పాడు. దాంతో ఒక్కొక్కరూ తమ పొరపాట్లు బయటపెట్టడం మొదలైంది. ఇన్నేళ్ళుగా నా చుట్టుపక్కల ఎవరికీ గాయం కాలేదంటే ఆ రేకుల నీడ చలవే. మాస్టారు పోయారు గనుక క్లాసు కూడా పోతుందని ఎవరైనా అనుకుంటే వాళ్ళిష్టం. మేం ఆపం.

సమాధి దగ్గరికి ఓనరు పూలదండతో వచ్చాడు. "ఆ పాత తుపాకీ ఎంత పని చేసిందండీ, పాపం" అన్నాడు అందరికీ వినిపించేలా.

ఆ గార్డు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"తుపాకీ కాదండీ. నేను. ఎలా జరిగిందో చెబుతాను, వినండి."

ఫాదర్ గారు ప్రార్థన పుస్తకం మూసి పక్కకు జరిగారు. పిడికిట్లో మట్టి పట్టుకుని మేమంతా చివరిదాకా విన్నాం.