కణాలకు నెత్తురు మాన్పించబోయి

సీరం సీసాను ముట్టుకోవాలంటేనే నాగలతకు రోత. కర్నూలు నుంచి డోన్ పోయే దారిలో ఉన్న ల్యాబులో ఆమె టెక్నీషియన్. గొర్రెల టీకాల పరీక్షకు ఫ్లాస్కుల్లో కణాలను పెంచడం ఆమె పని. ఆ కణాల తిండిలో సీరం కలపాలి. అదేదో మందు పేరని చేరిన కొత్తలో అనుకుంది. చూలుతో ఉన్న ఆవును కోసి, లోపలి దూడ గుండెలో సూది గుచ్చి తీసిన నెత్తురు నుంచి తేర్చిన నీరని తెలిసిన రోజు, క్యాంటీన్‌లో ముద్ద దిగక లేచిపోయింది. ఆలూరు పక్కన వాళ్ల ఊళ్లో, సూడి గొడ్డును కటికవాడికి తోలినవాడి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు. తనేమో ఆ దూడ నెత్తురు పోసి జీతం తీసుకుంటోంది. థూ, ఇదీ ఒక బతుకేనా అనుకునేది.

అందుకే సైంటిస్టు చైతన్య సార్ సీరం అవసరం లేని కొత్త ద్రవం తెప్పించినప్పుడు ఆమె ప్రాణం లేచొచ్చింది. ఈస్టులో తయారు చేసిన ప్రొటీన్లు, ఉప్పులు, చక్కెర. జంతువు ఊసే లేదు. అయితే కణాలు అలవాటైన తిండిని ఒక్కసారిగా వదలవు. సీరం కొంచెం కొంచెం తగ్గిస్తూ మాన్పించాలి. కణాలు బతికితే ఇక సీరం తెప్పించనని సార్ మాటిచ్చాడు, చస్తే పాత పద్ధతే.

సగానికి తగ్గించేసరికి కణాలు ముడుచుకుపోయాయి. నాగలత ఏడుపు ముఖం పెట్టుకుని తిరిగింది. తర్వాత ఏమైందో ఏమో, అవి తేరుకున్నాయి. సీరం పూర్తిగా ఆపేసినా ఫ్లాస్కు నిండా పరుచుకున్నాయి. సార్ ఫొటోలు తీసి పైవాళ్లకు పంపాడు. నాగలత అందరికీ మైసూర్‌పాకు పంచింది.

ఒకరోజు డ్యూటీకి ముందే వచ్చి చూస్తే, పొద్దుటి షిఫ్టు వీరభద్ర ఆ ఫ్లాస్కుల్లో సీరం చుక్కలు వేస్తున్నాడు.

"ఏమన్నా, ఏం పోస్తాండావు?"

"రోంతే లేమ్మా. ఎండిపోతా ఉంటే సూస్తా ఎట్లుండేది? పాలు మాన్పిచ్చేకి తల్లి యాపాకు పూసుకుంటే, అవ్వ సాటుగా పాలు తాపదా? అట్లనే."

"ఎప్పట్నించి?"

"అవి ముడుసుకపోయినప్పట్నించీ."

ఆ మనిషి ముఖంలో తప్పు చేశానన్న జాడే లేదు. పైగా పుణ్యం చేసినట్టు నవ్వుతున్నాడు. ఈ చుక్కలతో పెరిగినవాటికా తను మైసూర్‌పాకు పంచింది అని నాగలత తల కొట్టుకుంది.

నేరుగా సార్ గదికి వెళ్లి చెప్పింది. ఆయన తలుపు దగ్గరికి వేశాడు.

"పెరిగినాయి కదా? ఫొటోలు పోయినాయి. జంతు రహిత పద్ధతి అని పైవాళ్లు పేరు కూడా వేసేస్తాండారు. రోంత సీరం ఎవరికి కనపడ్తుంది? గమ్మునుండు."

ఆ గమ్మునుండు అన్న మాట ఆమెకు దూడ నెత్తురు కన్నా ఎక్కువ కంపు కొట్టింది. ఇంత చదువు చదివి ఇదా! "మీరు చెప్పకుంటే పైవాళ్లకు నేను చెప్తా సార్" అంది. మాట వెనక్కి తీసుకోలేదు. సార్ ముఖం మాడ్చుకుని, "అయితే అన్నీ పారబోసి మొదట్నించీ నువ్వే చెయ్‌పో" అన్నాడు.

నాగలత ఫ్లాస్కుల్లో బ్లీచింగ్ నీళ్లు పోసింది. అంత ముద్దుగా పెరిగిన కణాలు తెల్లగా విడిపోయాయి. గడ్డకట్టించి దాచిన పాత కణాల గొట్టాన్ని బయటికి తీసి కరిగించింది. అప్పుడే కరిగిన కణాలు సీరం లేకుండా నిలవవు. మాన్పించాలన్నా ముందు తాపాల్సిందే.

వీరభద్ర పక్కకొచ్చి, "నీకు పడదు కదమ్మా, నేను పోస్తాలే" అన్నాడు.

"నువ్వు ముట్టుకోవాకన్నా" అని సీసా మూత తనే తీసింది. ఈసారి తిట్టుకోవడానికి ఇంకెవరూ లేరు. పళ్లు బిగబట్టి, ఒక్క చుక్క తక్కువ కాకుండా పోసింది.