మిర్చి గోతంలో వచ్చిన గొర్రెపిల్ల

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననొద్దు. నేను పెంచి చెబుతాను. మా ఇంట్లో నా మాటలకి వేరే ఎక్కాల పుస్తకం ఉంది. నేను "బోలెడంత మంది వచ్చారు" అంటే నలుగురని, "నలుగురు" అంటే ఒక్కడని, "ఒక్కడు" అంటే ఎవరూ రాలేదని మా ఆవిడ అర్థం చేసుకుంటుంది. పెళ్లైన కొత్తలో వాదించేది, ఇప్పుడు భాగించుకుంటుంది. మీరూ భాగించుకుంటూ చదవండి. ఏది పెంచానో వదిలేయండి గానీ, ఏది పూర్తిగా కల్పించానో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్వైజర్ని. ఇన్నేళ్లు ఆ ఘాటులో నిలబడీ నిలబడీ నా ముక్కు నాకన్నా ముందే రిటైరైపోయింది. కొత్తవాళ్లు గేటు దగ్గరే తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ తూలిపోతుంటే, నేను లోపల బస్తాల నడుమ కూర్చుని హాయిగా పెరుగన్నం తింటాను. ఇది గొప్పకి చెప్పడం లేదు. జరిగినదంతా ఈ చచ్చిన ముక్కు వల్లే జరిగింది. ముక్కు వల్ల కొంత, నా వల్ల కొంత.

పోయిన డిసెంబరు సంగతి. మా చర్చిలో అసలు పండక్కి ముందొచ్చే ఆదివారం సాయంత్రం సెమీ క్రిస్మస్ చేస్తాం. పిల్లలు బాలయేసు పుట్టుక నాటిక వేస్తారు. అదే నాటిక క్రిస్మస్ రోజు పొద్దున ఆరాధనలో మళ్లీ వేస్తారు. మాకు నలభై దాటాక పుట్టిన ఇద్దరు పిల్లలూ అందులో ఉన్నారు. ఎనిమిదేళ్ల మా వాడు గొర్రెలకాపరి. ఐదేళ్ల మా అమ్మాయి గొర్రెపిల్ల. సండే స్కూల్ టీచరమ్మ గొర్రెపిల్లకి ఒకే ఒక్క డైలాగు ఇచ్చింది: "నా ఉన్ని తీసుకోండి, బాబుకి చలేస్తోంది."

ఆ ఒక్క ముక్కనీ అది మా ఇంట్లో లక్షసార్లు చెప్పింది. పాలవాడికి చెప్పింది. కుక్కర్ విజిల్‌కి పోటీగా చెప్పింది. నిద్రలో కూడా "బాబుకి చలేస్తోంది" అంటే, మా ఆవిడ లేచి మా వాడికి దుప్పటి కప్పింది.

ఉన్నికి దూది కావాలి. "ఏమండీ, బ్రాడీపేటలో మందుల షాపు ముందునుంచే కదా రోజూ వస్తారు. దూది చుట్టలు నాలుగు పట్రండి" అంది మా ఆవిడ. సోమవారం మర్చిపోయాను. మంగళవారం గుర్తొచ్చింది గానీ అప్పటికి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత రోజుల్లో ఆ షాపు ముందు స్కూటరాపి, టీ తాగి వచ్చాను. ఆదివారం పొద్దున్నే మా ఆవిడ నా చేతులకేసి చూసింది. మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడమంటే పక్కవీధిలో కూడా వినిపిస్తుంది.

"షాపు దూదేంటే, మనకి చేనుండగా!" అని స్కూటరెక్కాను. పెదకాకాని అవతల మా బావమరిది పత్తి వేశాడు. చివరి తీత నడుస్తోంది. వాడి కొట్టంలో తెల్లగా కుప్ప పోసి ఉంది. గింజ తియ్యని పత్తి. అయితేనేం, ఏ గొర్రెకైనా ఉన్నిలో నాలుగు పల్లేరుకాయలు చిక్కుకోవా! మూలనున్న గోతం లాగి కుక్కడం మొదలుపెట్టాను.

"బావా, అది మిర్చి గోతం. దులుపుకో" అన్నాడు వాడు.

"ఒరేయ్, నా బతుకే మిర్చి గోతంరా. నాకు చెప్తావా?"

"నీకు కాదు బావా, పసిదానికి."

దులిపాను. ఒక్కసారి. మీ ఎక్కాల పుస్తకం తీసి చూసుకోండి.

మధ్యాహ్నం మైదా జిగురుతో పాత బనీను మీద పత్తి అతికిస్తుంటే మా ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "ఘాటు కొడుతోందేంటండీ?"

"నా చొక్కా" అన్నాను. అబద్ధం కాదు, చొక్కా కూడా ఘాటే.

సాయంత్రం తెర తీశారు. మరియమ్మ, యోసేపు, గడ్డిమీద బాలయేసు బొమ్మ. పైన తీగకి కట్టిన స్టారు. మా వాడు కర్ర పట్టుకుని వచ్చాడు, వెనకాలే మోకాళ్లమీద మా గొర్రెపిల్ల. అబ్బ, ఎంత ముద్దుగా ఉందంటే హాలు హాలంతా "చిట్టితల్లీ" అంది. లైట్లకి పిల్లలకి ఉక్క పోస్తోందని ఎవరో పుణ్యాత్ముడు స్టేజీ పక్కనున్న పెద్ద ఫ్యాను వేశాడు.

గాలి గొర్రెపిల్లని తాకి, అక్కణ్నించి పశువులపాకంతా తిరిగింది.

మొదట యోసేపు తుమ్మాడు. తర్వాత మరియమ్మ. తూర్పు జ్ఞానులు ముగ్గురూ ఒకేసారి తుమ్మి పడమటికి తిరిగిపోయారు. దేవదూత తుమ్ముకి రెక్కొకటి ఊడి పాస్టరు అయ్యగారి ఒళ్లో పడింది. బాలయేసు బొమ్మ కూడా తుమ్మింది, నేను కళ్లారా చూశాను. ఆ హోరుకి చీరాల వెళ్లే పాసింజరు రైలు డ్రైవరు, గార్డు ఈలేశాడనుకుని, బండి ముందే కదిలించేశాడని తర్వాత తెలిసింది.

మధ్యలో మా అమ్మాయి లేచి నిలబడింది. "నా ఉ..." అంది. తుమ్ము. ఆ పత్తి చేతులతోనే కళ్లు నులుముకుంది. మళ్లీ "నా ఉ..." అంది. కళ్లు మండి, నోరు తెరుచుకుని, అందరికేసీ చూస్తూ నిలబడిపోయింది. హాలంతా గొల్లున నవ్వింది.

ముందు నవ్వింది నేనే. నా సొంత కూతురని ఒక్క క్షణం మర్చిపోయాను. అంత బావుంది దృశ్యం.

మా ఆవిడ స్టేజీ ఎక్కి దాన్ని ఎత్తుకొచ్చింది. కుళాయి కింద కళ్లు కడిగి, ఇంటికొచ్చాక చేతులకి పెరుగు రాసింది. బనీను వాసన చూసి, "మీ చొక్కా ఇదేనా?" అని మాత్రం అడిగింది. పిల్లని భుజానేసుకుని, "దీనికి నిజం చెప్పండి. మీ ముక్కుకి వాసన తెలియలేదని కూడా చెప్పండి, మీ ఇష్టం. కానీ చెప్పండి" అంది.

చెబుదామనే అనుకున్నాను. ఇంతలో పండగ హడావుడి. కజ్జికాయలకి కొబ్బరి తురమాలి, ఇంటిమీద స్టారు కట్టాలి. ఇంతలో క్యారల్స్ పాడేవాళ్లు మా ఇంటికొచ్చారు. పాట అయ్యాక టీలిస్తుంటే ఒకాయన, "ఏమండీ, ఆ రోజు మీ గొర్రెపిల్ల భలే నవ్వించిందండీ!" అన్నాడు.

నాకు అంత చాలు. కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. జ్ఞానులు పడమటికి తిరగడం, రెక్క, పాసింజరు, అన్నీ ఆ కుర్చీలోనే పుట్టాయి. మా అమ్మాయి తుమ్ముకి స్టారు తెగి కిందపడిందని కూడా చెప్పాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. గోతం ఊసు మాత్రం రాలేదు. కథకి అడ్డమని.

వాళ్లు వెళ్లాక చూస్తే అమ్మాయి మంచం కింద ఉంది. ఏ కజ్జికాయకీ బయటికి రాలేదు. వంగి చూశాను.

"నాన్నా, నేను తుమ్మితే స్టారు పడిపోయిందా?"

"లేదమ్మా."

"నువ్వే చెప్పావుగా."

"ఊరికే అన్నాను."

"అందరూ నవ్వారు. నేను ఏసుబాబు పుట్టినరోజు పాడుచేశాను. నేనింక గొర్రెపిల్లని కాను."

ఊరందరికీ ఏనుగుని చూపించి, అది దోమని ఒక్క పిల్లకి నమ్మించాలంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నేనూ మంచం కిందకి దూరాను. నా పొట్ట సగమే పట్టింది. దుకాణం నుంచి దూది తేవడం మర్చిపోయానని, మిర్చి గోతం సరిగ్గా దులపలేదని, అమ్మ అడిగితే చొక్కా వాసనన్నానని, మొత్తం చెప్పాను. ఒక్క ముక్క పెంచలేదు. పెంచకుండా చెబితే నా కథలు ఇంత చిన్నవా అని నాకే ఆశ్చర్యమేసింది.

అది నా చొక్కా వాసన చూసింది. "మరి నాకొక్కదానికే చెప్తే ఎలా? చర్చిలో చెప్పు. అందరూ నేనే అనుకుంటున్నారు."

"చెప్తాను."

"చెప్తే నేను గొర్రెపిల్ల వేస్తా."

క్రిస్మస్ పొద్దున మా చర్చిలో నాటికకి ముందు సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి, మైకు తీసుకుని, దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకోవచ్చు. నేను లేచాను. నా చేతిలో మైకు చూడగానే జనం ముందే నవ్వడానికి సర్దుకుని కూర్చున్నారు. "అందరికీ వందనాలు. ఆ రోజు తప్పు మా అమ్మాయిది కాదండీ. ఆ పత్తి మిర్చి గోతంలో తెచ్చింది నేను. మా బావమరిది చెప్పినా వినలేదు. మా ఆవిడ అడిగితే బొంకాను. స్టారు పడలేదు. తుమ్మింది కూడా ఐదారుగురే" అన్నాను. తర్వాత అయ్యగారే "ఆమేన్" అన్నారు. ఆ వెంటనే తెర వెనకనుంచి, దుకాణం దూదితో తెల్లగా మెరిసిపోతూ మా గొర్రెపిల్ల పరుగెత్తుకొచ్చి, గంట మోగినట్టు చెప్పింది: "నా ఉన్ని తీసుకోండి, బాబుకి చలేస్తోంది!"

ఇక మొదట్లో ఇచ్చిన మాట.

పాసింజరు సంగతి మీరెలాగూ భాగించేసి ఉంటారు. జ్ఞానులు నిజంగానే తుమ్మారు, పక్కకి తిరిగారు. బొమ్మ సంగతి నేనిప్పటికీ ప్రమాణం చెయ్యగలను.

కల్పించింది ఆ సాక్ష్యం.

లేచిన మాట నిజం. మైకు తీసుకున్న మాటా నిజం. జనం నవ్వడానికి సర్దుకుని కూర్చున్నదీ నిజమే. అంతమంది మొహాలు చూశాక, "ఈ ఏడాదంతా దేవుడు మా కుటుంబాన్ని చల్లగా కాపాడాడు, వందనాలు" అని చెప్పి కూర్చున్నాను. మా అమ్మాయి వాళ్లమ్మ ఒళ్లోంచి నన్నే చూస్తోంది. నేను కూర్చున్నాక కూడా కాసేపు చూసింది, ఇంకేమైనా మిగిలిందేమోనని. తర్వాత స్టేజీ వైపు తిరిగింది.

గొర్రెపిల్లగా వేరే పిల్లాడు వచ్చాడు. దూది చుట్టలన్నీ బాగా అతికాయి, వాటిని నేనే కొనుక్కొచ్చాను. వాడు ఆ ముక్క చెబుతుంటే పక్కకి చూశాను. మా అమ్మాయి పెదాలు కదులుతున్నాయి.